కొల్లేట్లో మోగిన బడిగంట

ఇందులో రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. నా ఎడమ చెవి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఒట్టంటే అందరూ తల మీదో పిల్లల మీదో వేస్తారు గాని, ఈ సంగతికి సాక్ష్యం నా ఎడమ చెవి ఒక్కటే గనక దాని మీద వేయడమే న్యాయం. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట చదివి పక్కవాళ్ల వంక చూసి నవ్వుతారని తెలుసు. (తాడేపల్లిగూడెంలో నేను చెప్పే కబుర్లని సగానికి సగం తగ్గించి నమ్మడం ఆచారం. మా అక్క ఇంకాస్త ఎక్కువే తగ్గిస్తుంది.) ఈ ఒక్కసారికి తరుగు తీయకుండా చదవమని మనవి.

ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో సాయంకాలం అంటే పాసింజరు బండి వచ్చే వేళ అని అర్థం. గడియారాలున్న ఇళ్లు తక్కువ. ఉన్న గడియారాలకి కూడా బండిని చూసి ముల్లు తిప్పేవారు. ఆ బండేమో ఏనాడూ వేళకి వచ్చిన పాపాన పోలేదు. అందుచేత మా ఊళ్లో కాలం కాస్త సాగుడుగా ఉండేది. రెండో యుద్ధం ఇంకా రాలేదు, నాకు పెళ్లీ కాలేదు. బి.ఏ.లో ఫిజిక్సు పూర్తిచేసి, ఆ చదువుకి తగిన ఉద్యోగం లోకంలో ఇంకా పుట్టలేదని తెలుసుకుని, బావగారి సిఫార్సు మీద ఓ రైసు మిల్లులో గుమాస్తాగా చేరాను. తిండీ పడకా అక్కా బావల ఇంట్లోనే. పొద్దుటినుంచీ ధాన్యం తూకాలు రాయడం, ఊక దుమ్ము పీల్చడం. కళ్లు కాగితం మీద ఉండేవి గాని, మనసు మాత్రం మిల్లు పైకప్పు కంతల్లోంచి దిగే వెలుతురు చారల్లో తేలుతున్న పొట్టు మీద ఉండేది. ఒక్కొక్క పొట్టూ ఎటు పోవాలో తోచక అలా తిరుగుతూ ఉంటే, ఇవే అణువులు, ఇదే విశ్వం, నేను చదవాల్సింది దీన్ని గదా అనుకుంటూ, బస్తాలు అని రాయవలసిన చోట అణువులు అని రాసేశాను. (ఒక్కసారే. అది కూడా ఎగుమతి కాకముందే దిద్దేశాను.)

ఎం.ఏ. చదువుతానని చెబితే మా యజమానిగారు కాసేపు ఆలోచించి, "చదువుకోండి, తప్పేముంది. మీరు ఎమ్మే అయితే మన బియ్యం ఏమన్నా తెల్లబడతాయాండీ?" అని మర్యాదగా అడిగారు. తెల్లబడవన్నాను. "అయితే సాయంత్రాలు చదువుకోండి" అన్నారు. అలా మొదలైంది నా సాయంకాలం చదువు.

మా కాలేజీ ఏలూరులో ఒక అరుగు. దాని ప్రిన్సిపాలూ ప్రొఫెసరూ కూడా ఒకరే, తరంగాల మాస్టారు. ఎక్కడో పెద్ద కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పి, రిటైరై ఏలూరు వచ్చి, తివాచీలు నేసే వీధిలో ఇల్లు కట్టుకున్నారు. వెలుతురు తరంగమే, వేడి తరంగమే, చివరికి పిన్నిగారి కోపం కూడా తరంగమే అనేవారు గనక ఆ పేరు. (పిన్నిగారంటే ఆయన భార్య. మేమంతా అలాగే పిలిచేవాళ్లం.) ఇంత తరంగాల మనిషికి ధ్వని తరంగం ఒక్కటీ చెవిలోకి పోయేది కాదు. ఉద్యోగంలో ఉన్నప్పుడే మొదలైన చెవుడు, నేను చేరేసరికి దాదాపు పూర్తయింది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే అందులో నాలుగో వంతు అందేది. మేం చెప్పే జవాబులన్నిటికీ ఆయన తృప్తిగా తల పంకించేవారు. "ఆయనకి వినబడకపోబట్టి మీ చదువు సాగుతోంది నాయనా" అని పిన్నిగారు కాఫీ ఇస్తూ అనేవారు.

పక్కిల్లు తివాచీ నేసే సాయిబుగారిది. మధ్యలో ఒకటే గోడ. అవతల మగ్గం మీద ముడులు వేసి ఇనుప దువ్వెనతో కొట్టిన ప్రతి దెబ్బా మా అరుగు దాకా వచ్చేది. ఒకనాడు పాఠం మధ్యలో మాస్టారు ఆగిపోయి, అరచెయ్యి గోడకి ఆనించి కళ్లు మూసుకున్నారు. ఏమైందో అని నేను కంగారుపడి లేచాను. "కూర్చోవోయ్. సాయిబుగారు అంచు నేస్తున్నారు. అంచు దగ్గర దెబ్బ పొట్టిగా పడుతుంది" అన్నారు. చెవిలోకి రానిది ఆయనకి అరచేతిలోంచి వచ్చేది. ఆ ముఖం చూసినవాడికి ఫిజిక్సు మీద భక్తి పుట్టక చస్తుందా?

ఆ కాలేజీలో నాతో పాటు చదివింది మిషను బళ్లో పనిచేసే పంతులు గారొకరు. ఆయన్ని ఊరంతా అవునుకాదు గారనేది. ఏది అడిగినా అవునంటే అవును, కాదంటే కాదు. ఆ రెంటికీ మధ్య ఇంకో జవాబు ఉంటుందని ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఇన్స్పెక్టరు బడికి వచ్చి పిల్లలు బాగా చదువుతున్నారా అని అడిగితే, కాదండీ అన్నారట. పిన్నిగారు కాఫీ బాగుందా నాయనా అంటే కూడా ఒకటి రెండుసార్లు కాదండీ అన్నారు. అబద్ధం ఆయన నోటికి పడని పదార్థం. నాకేమో అదే అన్నం. అలాంటి మా ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందంటే, నేను చెప్పే కబుర్లు ఆయన పూర్తిగా నమ్మేవారు. తరుగు తీయకుండా నన్ను నమ్మిన మనిషి లోకంలో ఆయనొక్కడే.

ఇక అసలు చిక్కు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాణ్ని పరీక్షకి రానివ్వాలంటే, వీడు ప్రయోగాలు తన చేత్తో చేశాడని గురువు సంతకం పెట్టాలి. అవునుకాదు గారి ప్రయోగాలు ఎప్పుడో అయిపోయాయి. మాస్టారు బతిమాలి ఓ హైస్కూలు వాళ్ల పరికరాలు సాయంత్రాలు వాడుకునే ఏర్పాటు చేశారు. నా చెయ్యి పడిందా, వాటికి ఆయుష్షు తీరేది. బిగించిన తీగ తెగి ఎగిరి బంట్రోతు తలపాగాలో చుట్టుకుంది. కటకం పగిలింది. తడితే 'సా' పలికే శృతిదండం కిటికీలోంచి జారి నూతిలో పడింది. (ఆనాటి నుంచీ ఆ నూతి నీళ్లు తోడుతుంటే చేద 'సా' పలికేదని అంటే ఎవరూ నమ్మరు. పోనీ వదిలేద్దాం.) చివరికి హెడ్మాస్టరుగారు బీరువాకి తాళం వేసి, తాళంచెవి తన జంధ్యానికి కట్టుకున్నారు. దరఖాస్తు పంపవలసిన గడువు దగ్గరపడింది. నా వంతు ప్రయోగం ఒక్కటీ పూర్తికాలేదు. ఊరికే సంతకం పెట్టమని మాస్టార్ని అడగడానికి నాకు కూడా నోరు రాలేదు. ఆ సంతకం లేకపోతే ఇక జన్మంతా ఊక దుమ్ములోనే విశ్వాన్ని వెతుక్కోవాలి.

నా దిగులు మాస్టారు కనిపెట్టారు. "బీరువాకి తాళం వేశారు గాని కొల్లేటికి వెయ్యలేదు గదోయ్" అన్నారు. అప్పుడు బయటపడింది ఆయన కల. ఎక్కడో తెల్లవాళ్ల సీమలో, కొండల మధ్య ఓ పెద్ద సరస్సులో, ఒక పడవ కింద నీళ్లలో గంట కట్టి కొట్టారట. కొట్టిన క్షణానే వెలుగు చూపించారట. దూరాన ఇంకో పడవలో ఒకాయన వెలుగు చూసి, నీళ్లలో ముంచిన గొట్టానికి చెవి ఆనించి, గంట ఎంతసేపటికి వినబడిందో చూసి, నీళ్లలో ధ్వని ఎంత వేగంగా పోతుందో లెక్క కట్టాడట. ఏలూరు పక్కన ఇంత నీరు పెట్టుకుని ఆ పని చేయకుండా పోతానేమోనని మాస్టారు ఏళ్ల తరబడి కుమిలిపోతున్నారు. చెవులు బాగున్నప్పుడు తీరిక లేదు, తీరిక దొరికేసరికి చెవులు లేవు. "నా బదులు నువ్వు విను. విని చెప్పు. ఆ గంట నీ చెవిలో పడిననాడు సంతకం పెడతాను" అన్నారు.

గొట్టం కిరసనాయిలు డబ్బాలు విప్పి అతికించి చేయించాం. దాని అడుగున నీళ్లలోకి పోయే మూతికి ఏం పెట్టాలా అని ఆలోచిస్తే మా బావ ఆదివారమంతా ముందేసుకుని కూర్చునే గ్రామఫోను కొమ్ము గుర్తొచ్చింది. దాని వెడల్పు మూతికి డప్పు తోలు బిగిస్తే దివ్యంగా ఉంటుందన్నారు మాస్టారు. బావ ఊళ్లో లేని పూట చూసి అక్కని అడిగాను. తిడుతుందనుకున్నాను. అక్క కొమ్ము వంక చూసి, గుమ్మం వంక చూసి, మెల్లిగా, "తీసుకుపోరా. ఈ ఆదివారమైనా మీ బావ నాతో మాట్లాడతారు" అంది. కొమ్ముని గోనెసంచిలో మూటకట్టి పాసింజరెక్కాను. గంట సంగతి అవునుకాదు గారు చూసుకున్నారు. మిషను బడి ఇత్తడి గంట, చిన్నపిల్లాడంత బరువు. మర్నాడు బడివేళకి దాని స్థానంలో అది ఉండాలి.

ఆదివారం మధ్యాహ్నం ఒంటెద్దు బండి మీద ఏలూరు దాటి దక్షిణంగా పోయాం. చేలగట్లు సన్నబడి సన్నబడి, నేల ఎక్కడ ఆగిందో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేని చోట బండి ఆగింది. కొల్లేరు నాకు కొత్త కాదు గాని, ఆ వేళ చూసింది మాత్రం కొత్తే. గాలి లేదు. నీళ్లు కదలడం మానేసి ఆలోచనలో పడినట్టున్నాయి. గూడకొంగలు ఒకదాని వెనక ఒకటి, ఎవరో పిలిచినట్టు, తొందరేం లేనట్టు, పడమటికి పోతున్నాయి. దూరాన లంకలు నీటి మీద ఆనకుండా కాస్త ఎత్తున తేలుతున్నాయి. (ఇది కాంతి వక్రీభవనం అని మాస్టారన్నారు. నాకు మాత్రం లంకలే తేలాయి.) గంటని పడవలోకి ఎక్కిస్తుంటే, ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ చూసి, "ఏవండీ, చేపలకి బడి పెడుతున్నారా?" అని అడిగింది. అవునుకాదు గారు నిలబడి, నిదానంగా, "కాదండీ" అన్నారు.

రెండు పడవలు కుదుర్చుకున్నాం. ఒకదాంట్లో గంట, సుత్తి, లాంతరు, లాంతరు మీద బోర్లించిన గంప, అవునుకాదు గారు. సుత్తి గంటకి తగిలే క్షణాన గంప ఎత్తాలి. రెండోదాంట్లో కొమ్ము, గొట్టం, మాస్టారు, నేను. మా పడవ నడిపే పెద్దాయన మేం చేయబోయేది విని గెడ ఆపి, "ఈ వేళప్పుడాండీ? తెల్లారగట్ల రండి బాబూ. అప్పుడు చడీ చప్పుడూ ఉండదు" అన్నాడు. మాస్టారికి వినబడలేదు. నాకు వినబడింది గాని లెక్కచేయలేదు. తెల్లారితే అవునుకాదు గారికి బడి, నాకు మిల్లు. మాది సాయంకాలపు కాలేజీ అని చెప్పాను. ఆయన నవ్వి మళ్లీ గెడ వేశాడు. సాయంకాలపు కాలేజీకి ఏ ప్రయోగమైనా సాయంకాలమే కావాలి. మేం చేసిన పొరపాటల్లా అదే.

అవునుకాదు గారి పడవ చిన్నదై, చుక్కై, ఓ లంక నీడలో కలిసిపోయింది. కొమ్ముని నీళ్లలోకి దించాం. మాస్టారు పట్టుసంచిలోంచి స్టాప్‌వాచీ తీసి, పసిబిడ్డని ఇచ్చినట్టు నా చేతికిచ్చారు. ఎడమ చెవి గొట్టానికి ఆనించి, బొటనవేలు వాచీ మీట మీద పెట్టి, లంక వైపు చూస్తూ కూర్చున్నాను. పొద్దు గుంకింది. నీళ్లు ఎరుపు, తర్వాత ఊదా, తర్వాత ఏ రంగూ కాని రంగు. లంక దగ్గర దీపం వెలిగింది. మీట నొక్కాను.

దాని పక్కనే ఇంకో దీపం వెలిగింది. ఎడంగా మరొకటి. చూస్తుండగానే ఈ కొస నుంచి ఆ కొస దాకా కొల్లేరంతా దీపాలు. చేపల పడవలు బయల్దేరాయి. నేను తెల్లబోయి ఉండగానే చెవిలో టక్ మంది. ఇదే గంట కాబోలనుకుంటే మళ్లీ టక్. ఆ వెనక టకటక. కొల్లేటి వాళ్లు చీకటిపడే వేళ వలలు కట్టి, పడవ అంచుల్ని కర్రలతో కొట్టి, ఆ చప్పుడుకి బెదిరిన చేపల్ని వలలోకి తోలతారని నాకు తెలియదు. పెద్దాయన చెప్పబోయింది అదే. పైన గాలిలో ఆ చప్పుడు అంతంత మాత్రం. నీళ్ల లోపల మాత్రం అది వేరే లోకం. దగ్గరివి లావుగా, దూరానివి సన్నగా, ఇంకా దూరానివి ఊపిరంత మెత్తగా. కంటికి కనబడని పడవలు కూడా, ఏ కలిదిండి వైపువో, చెవిలోకి వచ్చి పోతున్నాయి. నీటి అడుగున ఎవరో సాయిబుగారు కూర్చుని కొల్లేరంత తివాచీ నేస్తున్నట్టుంది. గంట మాట మరిచిపోయాను. పరీక్ష మరిచిపోయాను. ఎప్పుడు నొక్కానో తెలియదు గాని, తర్వాత చూసుకుంటే వాచీ ఆగి ఉంది.

మాస్టారు భుజం తట్టి కళ్లతోనే అడిగారు. తల ఊపాను. నిలువుగా ఊపానో అడ్డంగా ఊపానో నాకే స్పష్టం లేదు. ఆయన నన్ను పక్కకి జరిపి, తన చెవి గొట్టానికి ఆనించారు. మొదట ఏం లేదు. తర్వాత ఆయన కనుబొమలు పైకి లేచాయి. నోరు కాస్త తెరుచుకుంది. చెయ్యి గాలిలో లేచి, పాఠం చెప్పేటప్పుడు తరంగం గీసినట్టు, మెల్లిగా ఊగింది.

"గంటోయ్" అన్నారు. "మోగుతోంది. నాకు వినబడుతోంది."

ఆ గొట్టం మళ్లీ నాకివ్వలేదు. ఓ గూడకొంగ వచ్చి మా పడవ కొస మీద వాలింది. పెద్దాయన దాన్ని తోలలేదు. చీకటి చిక్కబడ్డాక, మాస్టారు తనంతట తాను చెవి తీసేదాకా అలాగే ఉన్నాం.

ఒడ్డుకి వచ్చేసరికి అవునుకాదు గారు తలనుంచి కాళ్ల దాకా తడిసి నిలబడి ఉన్నారు. గంటని చంకనెత్తుకున్నారు, దాని చుట్టూ నాచు. నన్ను పక్కకి పిలిచి చెప్పారు. గంట దించగానే నాచులో చిక్కుకుపోయిందిట. సుత్తి ఎటు వేసినా నాచుకే తగిలిందిట. విడదీద్దామని వంగితే, ఆయనా సుత్తీ లాంతరూ ఒకేసారి నీళ్లలో పడ్డారట.

"ఒక్కసారి కూడా మోగలేదండీ."

"మరి నేను చూసిన దీపం?"

"అది మాది కాదండీ."

మాస్టారు పడవ దిగి మా దగ్గరికి వచ్చారు. ఆ ముఖం మా పడవ పెద్దాయన లాంతరు వెలుగులో చూశాను. ఏళ్ల తర్వాత ఎవరో పేరుపెట్టి పిలిచిన మనిషి ముఖం అది. "ఏమంటున్నాడోయ్ పంతులు? గంట ఎలా మోగిందిట?" అని అడిగారు. నా సంతకం, ఆయన సంతోషం, రెండూ ఆ జవాబు మీదే నిలబడి ఉన్నాయి. ఇక్కడే నా జన్మ సార్థకమైంది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "చాలా బాగా మోగిందండీ" అని అరిచాను. "నేను చెప్పలేదూ?" అన్నారు మాస్టారు. అవునుకాదు గారు నా వంక చూసి, నీళ్ల వంక చూసి, జీవితంలో మొదటిసారి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మర్నాడు సాయంత్రం అరుగు మీద లెక్క కడితే, కొల్లేట్లో ధ్వని మా తాడేపల్లిగూడెం పాసింజరు కంటే నెమ్మదిగా నడుస్తుందని తేలింది. మాస్టారు ఆ అంకెని ప్రేమగా చూసి, "వేరే దీపాన్ని పట్టుకున్నావు. అంకె మాట తర్వాత చూద్దాం, విన్నావు గదా" అని సంతకం పెట్టేశారు. ఆ ఏడు పరీక్షకి కూర్చుని, ఎవరికీ ఇబ్బంది కలగనంత తక్కువ మార్కులతో పాసయ్యాను. మా యజమానిగారు నన్ను ఎమ్మే గారూ అని పిలవడం మొదలుపెట్టి, మిల్లు గోడగడియారం ఆగినప్పుడల్లా నాకే చూపించేవారు. కొమ్ము మాత్రం మాస్టారు తిరిగి ఇవ్వలేదు. దాని తోలు విప్పేసి, సన్నటి కొస చెవిలో పెట్టుకుని, వెడల్పు మూతి పిన్నిగారి వైపు తిప్పి కూర్చునేవారు. ఇన్నేళ్లూ నువ్వేం మాట్లాడుతున్నావో ఇప్పుడు తెలుస్తోంది అనేవారట ఆవిడతో. మా బావ గ్రామఫోను మూగబోయింది. అక్క మాత్రం కొమ్ముని వెనక్కి తెమ్మని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు ఏలూరు వెళ్లే పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుంటే, నెరిసిన తలవాడొకడు అద్దంలో కనబడతాడు. ఒట్టేసిన ఆ ఎడమ చెవి ఈ మధ్య కాస్త మందగించింది. చెట్టుచేమా వెనక్కి పోతుంటే దాన్ని కిటికీ కమ్మీకి ఆనిస్తాను. టకటకమని రైలు చక్రాలు. అవి చక్రాలేనని తెలుసు. అయినా కాసేపు తెలియనట్టు ఉంటాను.

ఇక ఒట్టు సంగతి. మొదట ప్రతి అక్షరం నిజమన్నాను. చెవి మీద వేశాను గనక ఒకటి సవరించాలి. కొమ్ము నిజం, గూడకొంగ నిజం, చేపలకి బడి పెడుతున్నారా అన్న ముసలమ్మ నిజం. కావాలంటే 'సా' పలికిన చేద కూడా నిజమే. కల్పించింది ఒకే ఒక్కటి. ఒడ్డున మాస్టారు అడిగినప్పుడు జవాబు చెప్పింది నేను కాదు. నోరు తెరిచాను గాని, పుట్టిన దగ్గర్నుంచీ నాకు ఎన్నడూ కరువు లేని మాట ఆ పూట రాలేదు. అవునుకాదు గారే ముందుకొచ్చి, గంట దించి, తడిబట్టలతో మాస్టారి చెవి దగ్గర వంగి, ఒడ్డంతా వినబడేలా, "చాలా బాగా మోగిందండీ" అన్నారు. అని, అటు తిరిగి, చాలాసేపు పంచె కొస పిండుకుంటూ నిలబడ్డారు. ఆయన జన్మకి అదొక్కటే అబద్ధం. నేను ఇన్నేళ్లుగా చెప్పినవన్నీ ఒక పక్కన పెట్టి, దాన్ని ఇంకో పక్కన పెడితే, అదే బాగుంది. అందుకే, ఎవరికి చెప్పినా ఆ మాట నాదేనని చెప్పుకుంటూ వచ్చాను. అంత చక్కని అబద్ధం నాది కాదంటే ఇప్పటికీ కాస్త ఈర్ష్యగానే ఉంటుంది.